శిక్షకు గడువుంది, మరి మచ్చకు?

(రాయచూరు జిల్లా తెలుగు సంఘాల యువజన కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సాయంత్రం మేము ఎంచుకున్న అంశం మీకు కొంచెం వింతగా అనిపించవచ్చు. యువజన కూటమి అంటే ప్రార్థన గురించో, చదువు గురించో, పెళ్ళి గురించో మాట్లాడతారు. మేము ఒక దరఖాస్తు గురించి మాట్లాడబోతున్నాం. బీమా ఏజెంటుగా చేరాలంటే నింపే దరఖాస్తు. చట్టం చెప్పిన అనర్హతలేవీ నాకు లేవని అందులో ప్రకటించి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గర పెన్ను ఆగిపోయే మనుషులు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళ గురించే ఈ ప్రసంగం.

ఎందుకీ అంశం? మన జిల్లాను చూడండి. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు నదులున్నా పనుల కోసం బెంగళూరు, హైదరాబాదు బస్సులెక్కే జిల్లా మనది. 2018లో కేంద్రం వెనుకబడిన జిల్లాలను గుర్తించినప్పుడు కర్ణాటకలో రాయచూరు, యాదగిరి ఆ జాబితాలో చేరాయి. సింధనూరు, మాన్వి వైపు కాలువ కింద మన తెలుగువాళ్ళ క్యాంపులున్నాయి. పదో తరగతితో చదువు ఆగిన పిల్లలకు, ఇల్లు వదిలి వెళ్ళలేని ఆడవాళ్ళకు ఊళ్ళోనే ఉండి చేసుకోగల పనులు తక్కువ. అలాంటి వాటిలో బీమా ఏజెంటు పని ఒకటి. ఎల్ఐసీ డివిజనల్ ఆఫీసు మన రాయచూరులోనే ఉంది. 2024 డిసెంబరు 9న మొదలైన బీమా సఖి పథకంలో పదో తరగతి చదివిన స్త్రీలను ఏజెంట్లుగా తీసుకుని, నిబంధనల ప్రకారం పని చూపిస్తే మొదటి ఏడాది నెలకు 7,000 రూపాయలు, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండు ఇస్తారు. కమీషను వేరే. మన ఊళ్ళలో ఇది చిన్న మాట కాదు.

ఇప్పుడు ఒక అక్కను ఊహించుకుందాం. మాన్వి తాలూకాలో ఒక ఊరు. మహిళా సంఘంలో ఆమె లెక్కలు చూసేది. నలుగురూ నమ్మి డబ్బు చేతికిచ్చేవారు. భర్త ఆస్పత్రిలో పడ్డాడు. సంఘం డబ్బు 30,000 రూపాయలు వాడేసింది. వచ్చే నెల కట్టేద్దామనుకుంది, కట్టలేకపోయింది. సభ్యులు ఫిర్యాదు చేశారు. కోర్టు నమ్మకద్రోహం కింద దోషి అని తేల్చి ఆరు నెలలు శిక్ష వేసింది. 2019 మార్చిలో శిక్ష పూర్తయింది. తర్వాత కూలి చేసి, ఒక్కొక్కరి డబ్బు తిరిగి ఇచ్చింది. ఇప్పుడు బీమా ఏజెంటుగా చేరాలని ఉంది. ఆమెకు అర్హత ఉందా?

ఈ ప్రశ్న మన కూటమిలో అడిగితే రెండు జవాబులు వస్తాయి. మొదటిది: "కేసు పడినవాళ్ళకు లైసెన్సు ఎవరిస్తారు? మర్చిపో." రెండోది: "ఎవరికి తెలుస్తుంది? లేదని రాసి సంతకం పెట్టెయ్." రెండూ తప్పే. మొదటి జవాబు చట్టానికి విరుద్ధం. రెండోది చట్టానికీ మన విశ్వాసానికీ కూడా విరుద్ధం.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1938 నాటి బీమా చట్టంలో 42వ సెక్షను ఏజెంట్ల గురించి చెబుతుంది. ఒకప్పుడు ఏజెంటుకు లైసెన్సు ఉండేది. 2015 సవరణ తర్వాత బీమా కంపెనీయే ఏజెంటును నియమిస్తుంది. మనం అలవాటు కొద్దీ ఇంకా లైసెన్సు అంటాం. 2016 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలి, శిక్షణ తీసుకోవాలి, పరీక్ష పాసవ్వాలి. ఇవన్నీ ఉన్నా కొందరు అనర్హులు. మైనర్లు అనర్హులు. సొత్తును స్వాహా చేయడం, నమ్మకద్రోహం, మోసం, ఫోర్జరీ, ఈ నాలుగింటిలో దేనికైనా కోర్టు దోషిగా తేల్చినవాళ్ళు అనర్హులు. వాటికి ప్రయత్నించినా, తోడ్పడినా అంతే. బీమా వ్యవహారంలోనే మోసం చేసినట్టు తేలినవాళ్ళు కూడా అనర్హులు.

ఇక్కడితో ఆగిపోతే అక్క కథ ముగిసినట్టే. కానీ చట్టం ఇక్కడ ఆగలేదు. ఆ నాలుగు నేరాల గురించి చెప్పిన చోటే ఒక మినహాయింపు ఉంది. శిక్ష పూర్తయి కనీసం ఐదేళ్ళు గడిస్తే, ఆ తీర్పు ఇక అనర్హతగా పనిచేయదని ప్రాధికార సంస్థ సాధారణంగా ప్రకటించాలి అని ఉంది. ప్రాధికార సంస్థ అంటే ఐఆర్‌డీఏఐ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

ఆ "సాధారణంగా" అనే మాట దగ్గర మనం కాస్త నిలబడాలి. ఇష్టముంటే ప్రకటించవచ్చు అనలేదు. మామూలుగా ప్రకటించాలి అంది. అంటే ఐదేళ్ళు గడిచాక మచ్చ తొలగడమే సహజం, తొలగించకపోతేనే దానికి కారణం కావాలి. ఆ ఐదేళ్ళు తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, శిక్ష పూర్తయిన రోజు నుంచి లెక్క. మనం ఊహించుకున్న అక్కకు 2019 మార్చిలో శిక్ష పూర్తయితే 2024 మార్చికి ఐదేళ్ళు నిండాయి. అయితే గడువు నిండినంత మాత్రాన మచ్చ దానంతటదే పోదు. అడగాలి. రాసి అడగాలి. ప్రకటన వచ్చాక కూడా కంపెనీ తన వైపు నుంచి చూసుకుంటుంది. కానీ మూసుకుపోయిందనుకున్న తలుపు నిజానికి మూసి లేదు.

ఇంకో మాట. కేసు ఉన్నవాళ్ళందరూ ఈ తలుపు దగ్గరికి రావలసిన పని కూడా లేదు. మన యువకులు చాలామంది భయపడేది ఎఫ్ఐఆర్‌కు. ఎఫ్ఐఆర్ అంటే తీర్పు కాదు. అరెస్టు అంటే తీర్పు కాదు. 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది, వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు అన్నమాట. జైల్లో ఉన్నా వాళ్ళను ఆ కేసులో కోర్టు ఇంకా దోషులని తేల్చలేదు. వాళ్ళెవరో, ఏ వాడల నుంచి వచ్చారో మీకు మేము చెప్పనవసరం లేదు. బెయిలుకు పూచీ దొరికితే బయట ఉంటారు, దొరకకపోతే లోపల ఉంటారు.

అలాగే నేరం ఏమిటన్నది కూడా ముఖ్యం. గట్టు తగాదాలో కొట్టుకున్న కేసు, ధర్నాలో పెట్టిన కేసు, చెక్కు బౌన్సు కేసు, ఇవేవీ ఆ నాలుగు పేర్లలో లేవు. మోసం కేసులో కోర్టు అనుమతితో రాజీ కుదిరి నమోదైతే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. పై కోర్టు తీర్పును కొట్టేస్తే అనర్హత లేదు. కానీ జాగ్రత్త: అప్పీలు వేసి బెయిలు మీద బయటికొస్తే ఆగేది శిక్ష మాత్రమే. దోషి అన్న తీర్పు అలాగే ఉంటుంది.

మరో రెండు సంగతులు మీ డైరీల్లో రాసుకోండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు శిక్ష వేయకుండా మందలించి గానీ, మంచి ప్రవర్తన మీద గానీ వదిలేస్తే, ఆ తీర్పు వల్ల వచ్చే అనర్హత ఆ మనిషికి అంటదని 12వ సెక్షను చెబుతుంది. 18 ఏళ్ళు నిండకముందు చేసిన తప్పు బాలల న్యాయ మండలిలో తేలితే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం దాని వల్ల ఏ అనర్హతా రాదు. పదహారు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళలాగే విచారణ జరిగిన సందర్భాలు మాత్రం వేరు. ఈ రెండు చట్టాలూ తెలియక ఎంతమంది తమ్ముళ్ళు తమకు తామే తలుపు వేసుకున్నారో!

ఇక రెండో జవాబు. దాచిపెట్టమనే సలహా. ఈ సలహా ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. జాలితోనే చెబుతారు. కానీ ఆలోచించండి. బీమా అనేదే చెప్పడం మీద నిలబడిన వ్యాపారం. షుగరు ఉంటే ఉందని రాయాలి, ఆపరేషను జరిగితే జరిగిందని రాయాలి. దాచిన జబ్బు బయటపడితే మొదటి మూడేళ్ళలో కంపెనీ పాలసీని ప్రశ్నించవచ్చని అదే చట్టం 45వ సెక్షను చెబుతుంది. అప్పుడు నష్టపోయేది విధవరాలు, పిల్లలు. "అమ్మా, ఉన్నది ఉన్నట్టు రాయించు" అని పది ఇళ్ళలో చెప్పవలసిన ఏజెంటు, తన దరఖాస్తులోనే ఉన్నది దాస్తే ఏమవుతుంది? తెలిసిన రోజున నియామకం రద్దవుతుంది. అంతకన్నా ముఖ్యం, పాత తప్పుకు శిక్ష అనుభవించి ఒడ్డున పడిన మనిషి కొత్త తప్పుతో మళ్ళీ నీళ్ళలోకి దిగినట్టవుతుంది. పాతదానికి గడువుంది. కొత్తదానికి లెక్క మళ్ళీ మొదలు.

2011లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన సందీప్ కుమార్ అనే యువకుడు తన మీద ఒకప్పుడు ఉన్న కొట్లాట కేసు సంగతి రాయలేదు. జస్టిస్ మార్కండేయ కట్జూ ధర్మాసనం, కుర్రతనంలో చేసిన చిన్న తప్పుకు జీవితాంతం ముద్ర వేయకూడదని అతని పక్షాన నిలిచింది. రొట్టె దొంగిలించి బతుకంతా దొంగగానే మిగిలిన జా వల్జా అనే నవలా పాత్రను ఆ తీర్పు గుర్తు చేసుకుంది. అయితే 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇంకొంచెం తూచి చెప్పింది. ఉద్యోగానికి వచ్చినవాడు కేసుల సంగతి నిజంగా చెప్పాలి. దాచింది చిన్న విషయమైతే యజమాని క్షమించవచ్చు, పెద్దదైతే తీసేయవచ్చు. అవి ప్రభుత్వ ఉద్యోగాల కేసులు, బీమా ఏజెంట్లవి కావు. కానీ మనకు పనికొచ్చే పాఠం ఉంది: నిజం చెప్పినవాడికి అడగడానికి హక్కు మిగులుతుంది. దాచినవాడికి దయ మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావచ్చు. "మా అమ్మ కూలి డబ్బులు ప్రీమియం కింద అలాంటివాళ్ళ చేతిలో పెట్టమంటారా?" న్యాయమైన ప్రశ్న. మేము దీన్ని తోసిపుచ్చం. చట్టం దొమ్మీలను, కొట్లాటలను వదిలేసి నమ్మకద్రోహాన్ని, మోసాన్ని ఏరి పట్టుకుంది అందుకే. పేదవాళ్ళ డబ్బు పోతే వాళ్ళకు రెండో డబ్బు ఉండదు. మహిళా సంఘంలో ఆ 30,000 రూపాయలు పోయిన ఆడవాళ్ళు కూడా మనవాళ్ళే. వాళ్ళ కన్నీళ్ళు మర్చిపోయి అక్క మీద మాత్రమే జాలిపడితే అది న్యాయం కాదు. అందుకే ఐదేళ్ళ నిరీక్షణ. అందుకే రాతపూర్వకమైన ప్రకటన.

జక్కయ్యను గుర్తు చేసుకోండి. ప్రభువు అతని ఇంటికి వెళ్ళాడని మనం పాడుకుంటాం. కానీ జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పశ్చాత్తాపానికి లెక్క ఉంది, రసీదు ఉంది. అక్క కూలి చేసి ఒక్కొక్కరి డబ్బు తిరిగి ఇవ్వడం కూడా అలాంటిదే. జక్కయ్య ఇంటి బయట సణిగిన జనం కూడా ఆ కథలో ఉన్నారు. మనం ఏ వైపు నిలబడతామన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కులంలో పుడితే నేరస్థుడే అనే చట్టం అది. తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1910ల్లో ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్‌మెంటు పెట్టి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. బడి, పని నేర్పారు, నిజమే. కానీ హాజరు పిలిచి, కదలికలకు కాపలా కాసే ఆ ఏర్పాటులో మన క్రైస్తవులం కూడా భాగమయ్యాం. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఆ జాతులను అప్పటి నుంచి విముక్త జాతులన్నారు. చట్టం పోయినా ఊరి పేరుకు అంటిన మచ్చ దశాబ్దాల పాటు పోలేదు. తర్వాతి కాలంలో ఆ ఊరికి వెళ్ళి, దొంగలనిపించుకున్న మనుషులతో కూర్చుని మాట్లాడి, వాళ్ళ పునరావాసానికి పాటుపడిన వారిలో హేమలతా లవణం ముఖ్యులు. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు. ఆమె, ఆమె భర్త లవణం నాస్తిక కుటుంబంగా పేరుపడ్డవారు. మనం ఆలోచించవలసిన విషయం ఇది. మచ్చ తుడిచే పనికి మనకన్నా ముందు వాళ్ళు వెళ్ళారు.

మచ్చ ఇప్పటికీ కులాన్ని బట్టి అంటుతోంది. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం, విముక్త జాతుల వాళ్ళను అలవాటుపడ్డ నేరస్థులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరులో. అంటే నిన్న మొన్న.

సరే, మరి మనం ఏం చేయాలి? కొన్ని పనులు చెబుతాం. ఇవి ఉపదేశాలు కావు, చేయగలిగిన పనులు.

మొదట, కాగితాలు. తీర్పు ఇచ్చిన కోర్టులో దరఖాస్తు పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. జైలు నుంచి విడుదల పత్రం, జరిమానా కట్టిన రసీదు తీసుకోవాలి. చాలామందికి తమ మీద ఉన్న సెక్షను ఏమిటో కూడా తెలియదు. పాత ఐపీసీలో నమ్మకద్రోహం 406, మోసం 420. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 316, 318. సెక్షను తెలిస్తే సగం భయం పోతుంది.

రెండు, అడగడం. కాగితాలు జతపరిచి, ఉన్న సంగతి ఉన్నట్టు రాసి, అనర్హత తొలగించమని ఐఆర్‌డీఏఐకి విన్నపం పెట్టాలి. చేరాలనుకునే కంపెనీకి కూడా ముందే చెప్పాలి. కంపెనీ తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని అడగండి, అది నిబంధనల్లో ఉన్నదే. ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, ఆయనకు పెట్టుకోవచ్చు. నోటి మాటగా "కుదరదు" అంటే వెనక్కి రావద్దు. నోటి మాట మీద అప్పీలు ఉండదు.

మూడు, వకీలు. డబ్బు లేదని ఆగవద్దు. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకు ఉంది. 1950 ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించరు. ఆ అన్యాయం మీద మన పోరాటం వేరే సాగుతూనే ఉంది. కానీ ఆదాయ పరిమితి కింద పేదలందరికీ ఈ సహాయం ఉంది గనుక దళిత క్రైస్తవ సోదరులు కూడా అడగవచ్చు.

నాలుగోది, మన సంఘం చేయవలసినది. ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక మీరు చదివారు. ఒనేసిము యజమాని దగ్గర నుంచి పారిపోయినవాడు, బహుశా నష్టం కూడా చేసినవాడు. పౌలు అతని తప్పును దాచలేదు. అతను బాకీ ఉంటే ఆ బాకీ తన లెక్కలో రాసుకోమన్నాడు. ఆ మాట రాసినప్పుడు పౌలు కూడా ఖైదీయే. మనం అంత పెద్ద పూచీ ఇవ్వలేకపోవచ్చు. కానీ ఒక ఉత్తరం రాయగలం. "ఈ సహోదరిని ఇన్నేళ్ళుగా ఎరుగుదుము, ఈమె తీసుకున్న డబ్బు తిరిగి చెల్లించింది, మేము సాక్షులం" అని కాపరి, పెద్దలు సంతకం పెట్టగలరు. నిజమైతేనే పెట్టాలి. నిజమైనప్పుడు మాత్రం వెనకాడవద్దు.

చివరగా మన గురించి మనం ఒక మాట అనుకోవాలి. బ్రిటిష్ కాలంలో రాసిన బీమా చట్టానికి కూడా ఐదేళ్ళ తర్వాత మచ్చ పోవాలని తోచింది. మన సంఘాల్లో ఆ గడువు ఎంత? కేసు పడిన కుటుంబంలో పిల్ల ఇచ్చేటప్పుడు, కానుకల పెట్టె లెక్క పెట్టేటప్పుడు, ఆదివారం పాట పాడించేటప్పుడు, ఎన్నేళ్ళు గుర్తుంచుకుంటాం? చెరసాలలో ఉన్నవాళ్ళను చూడడానికి వెళ్ళమన్నాడు ప్రభువు. చూసి వచ్చేస్తే పని అయిపోలేదు. వాళ్ళు బయటికి వచ్చాక మన పక్కన కూర్చోవడానికి చోటు ఇవ్వాలి.

ఈ రోజు ఇంటికి వెళ్ళాక ప్రతి యువజన సమాజం ఒక పని చేయండి. మీ సంఘంలో కేసు భయంతో ఏ దరఖాస్తూ పెట్టకుండా ఆగిపోయిన ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళండి. సెక్షను ఏమిటో, శిక్ష ఎప్పుడు పూర్తయిందో కలిసి చూడండి. ఐదేళ్ళు నిండితే విన్నపం రాయడంలో తోడుండండి. నిండకపోతే ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టి, ఆ రోజు మళ్ళీ వస్తామని మాటివ్వండి. మాటిచ్చిన రోజు వెళ్ళండి.